పంట రక్షణ నిమిత్తం

రోహిణి ఎండ నెత్తిమీద ఉండగానే
వెళ్ళి రావాలి రాజమండ్రి.
ముసురు పట్టాక తెస్తే
దారిలోనే ముద్దకడుతుంది.
తడిసిన మందూ, తాగినోడి మాటా ఒకటేననేవాడు
మా మామ సూరన్న.
తుపాకీ ఆయనదే. లైసెన్సు ఇప్పుడు నా పేరున.

మస్తాన్ వలీ గారి కొట్టు బోర్డుమీద
అక్షరాలన్నీ రాలి
"ఆయుధ" ఒక్కటే మిగిలింది.
ఆయన ముందు కాగితం చూస్తారు,
తర్వాత నా మొహం,
మళ్ళీ కాగితం.
ఇరవై ఏళ్ళుగా ఇంతే.

"ఈసారి రాసినంతా పట్టుకెళ్ళమ్మా,
మావాడు కొట్టు సెల్‌ఫోన్లకి ఇచ్చేస్తానంటున్నాడు."
లేచి ఫ్యాను ఆపారు.
బంగారం తూచినట్టు తూచారు
నల్లటి రవ్వ, ఆవాలకన్నా సన్నం.
ఇద్దరికీ చెమట కారుతోంది,
ఒక్కరమూ తుడుచుకోలేదు.

బస్సులో కండక్టరు అడిగాడు:
సంచిలో ఏంటమ్మా?
మందు, అన్నాను.
చేలోకా, ఒంట్లోకా?
తుపాకీలోకి.
పకపకా నవ్వి టిక్కెట్టు చింపాడు.

రెండు బోర్న్‌విటా డబ్బాలు,
మూతల చుట్టూ మైనం,
పొయ్యికి దూరంగా గాదె వెనక అటకమీద.
అటకెక్కిన ప్రతిసారీ ఒకసారి ఊపి వింటాను.
ఇసకలా జారితే బాగున్నట్టు.
బియ్యం డబ్బా అడుగు కనబడినా
ఇంత దిగులు పడను.

శ్రావణంలో
ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక అన్నారు.
లంకంతా పడవలెక్కింది.
ఈనబోయే గేదె ఉందని నేను ఆగిపోయాను.
రాత్రికి అరటితోట మొవ్వులదాకా మునిగింది.
గేదెని గట్టెక్కించాను,
నెత్తిన డబ్బాలు, భుజాన తుపాకీ.
ఫోను ఎక్కడ జారిందో తెలీదు.

గట్టు నాది ఒక్కదానిదే అనుకున్నాను.
వెన్నెల విచ్చాక చూస్తే
అవతలి కొసన పందులు.
ఏడు. ఒకదాని పొట్టకింద పిల్లలు.
నా కంద మడులు తవ్వితిన్న మూతులే,
ఇప్పుడు బురద కారుతూ నన్నే చూస్తున్నాయి.
పది బారల దూరం.
కళ్ళు మూసుకుని కొట్టినా తగులుతుంది.

మైనం గీకాను. మందు జారింది,
ఇసకలా.
గొట్టంలో పోసి
మా కొబ్బరిపీచే ఉండచుట్టి గజంతో దట్టించాను.
గుళ్ళసంచి చేతిలోకి తీసుకున్నాను.
కాసేపు బరువు చూశాను.
మళ్ళీ బొడ్లో దోపుకున్నాను.
ఆకాశంలోకి పేల్చాను,
ఊరికే, మందూ పీచూ.

పొగ లేవలేదు.
నీళ్ళమీదే కూచుంది, గంధకం కంపుతో.
పందులు ఒకదాన్నొకటి తోసుకున్నాయి
అంతే.
ఎక్కడికని చెదురుతాయి?
ఇంకో రెండు పేల్చాను, ఆగి ఆగి.

తెల్లారుతుండగా ఓలేటి తాతబ్బాయి పడవ.
"మొదటి దెబ్బకి పందుల్ని కొడతన్నావనుకున్నానక్కా.
మూడోదానికి తోచింది,
ఇంత ఏట్లో పందులేంటని."
పందుల్ని చూపించాను.
ఏం మాట్లాడలేదు, తెడ్డు వేశాడు.
గేదె వెనకాలే ఈదింది.

ఈ రోహిణికి మళ్ళీ వెళ్ళాను.
సగం కొట్టు సెల్‌ఫోన్ల అద్దాలు మింగేశాయి.
మిగతా సగంలో మస్తాన్ వలీ గారూ, పుస్తకమూ.
"పోయినేటి ఖర్చు?" అంటూనే
అలవాటుగా "పందులకు" అని రాసేస్తున్నారు.
ఆగండి బాబూ, పడవకి, అన్నాను.
జరిగింది చెప్పాను.
కొట్టేశారు.
కళ్ళజోడు తీసి తుడుచుకుని
లైసెన్సు తిరగేసి చదివారు.
పంట రక్షణ నిమిత్తం.
చాలాసేపు కలం గాల్లో ఉంది.
కొట్టేసినదాని పక్కనే
మళ్ళీ "పందులకు" అని రాశారు.
కాగితానికి ఆ ఒక్క మాటే వచ్చు.

తర్వాత లేచి, ఫ్యాను ఆపారు.